టేకు తలుపు చెక్కతో పీసీ క్యాబినెట్: వేడి, కొలతలు, ఎర్తింగ్ మీద సలహా కావాలె

పాకాల_గట్టు:

అన్నలందరికీ నమస్తే. మాది హన్మకొండ. ఇంట్లో పాత టేకు తలుపు రెక్క ఒకటి ఉంది, అంగుళంన్నర మందం. దాన్ని కోయించి ఇంట్లోనే పీసీ క్యాబినెట్ చేద్దామని ఉంది. లోపల పెట్టే సామాను: రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు, ఆర్‌టీఎక్స్ 3060 (రెండు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు, పొడవు 242 మి.మీ.), 155 మి.మీ. ఎత్తు టవర్ కూలర్, 140 మి.మీ. పొడవున్న 550 వాట్ల ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా), ఒక ఎన్‌వీఎంఈ (బోర్డు మీదనే కూర్చునే స్టోరేజీ), ఒక మూడున్నర అంగుళాల హార్డ్ డిస్క్.

అడగాల్సినవి ఇవి. చెక్క వేడిని బయటికి పోనియ్యదు కదా, మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు కొడుతుంటే ఏసీ లేని గదిలో నడుస్తదా? మొత్తం టేకుతోనే చేయాలా, ప్లైవుడ్ కలపాలా? మదర్‌బోర్డును నేరుగా చెక్కకు బిగించొచ్చా? లోపలి కొలతలు ఎంత పెట్టుకోవాలె? డ్రిల్ మిషన్, జిగ్‌సా, ఉలులు ఉన్నయి. పెద్ద కోతలు, చిత్రిక పట్టుడు సామిల్లులో చేయించుకుంటా.

గాలి_లెక్క:

ముందు వేడి సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇనుప క్యాబినెట్ గోడల గుండా బయటికి పోయే వేడి మీరనుకున్నంత ఉండదు. రేకుకు లోపల, బయట అంటుకొని ఉండే గాలి పొరే అసలు అడ్డు. మామూలు టవర్ సైజు క్యాబినెట్‌లో లోపలి గాలి బయటికంటే ఓ 7 డిగ్రీలు ఎక్కువుంటే గోడల నుంచి పోయేది 20 వాట్ల దరిదాపు. అదే 12 మి.మీ. ప్లై గోడలైతే అందులో పావు వంతు తగ్గుతుంది, అంటే ఓ 5 వాట్లు. మీ సామాను లోడ్ మీద తినేది 300 వాట్లకు దగ్గర (3060 ఒక్కటే 170 వాట్లు). 300లో 5 వాట్ల తేడాకు భయపడక్కర్లేదు. వేడిని మోసుకెళ్లేది గోడ కాదు, గాలి. కాబట్టి చెక్కా ఇనుమా అన్న ప్రశ్న పక్కనపెట్టి గాలికి దారి ఎంత ఇస్తున్నారో చూడండి.

గాలి లెక్క కూడా సులువే. వాట్లను 1.76తో గుణించి, గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కితే ఒప్పుకుంటారో దానితో భాగిస్తే ఎన్ని సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) కావాలో వస్తుంది. 300 వాట్లు, 10 డిగ్రీలు అనుకుంటే 53 సీఎఫ్‌ఎం. 120 మి.మీ. ఫ్యాన్ డబ్బా మీద 50, 60 అని ఉంటుంది గానీ అది ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటి మాట. జాలీ, చెక్క బద్దలు, లోపల వైర్లు ఉన్నాక సగం వస్తే మంచిదే. అందుకే ముందు లోపలికి రెండు, వెనక బయటికి ఒకటి, మూడూ 120 మి.మీ.వే పెట్టుకోండి. గది 40 డిగ్రీలుంటే బయటికొచ్చే గాలి 50 ఉంటుంది. చెక్క అంటుకోవాలంటే 250 డిగ్రీల పైన కావాలి గనక దాని గురించి దిగులు వద్దు. జిగురు విషయంలో మాత్రం జాగ్రత్త. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. గ్రాఫిక్స్ కార్డు వేడిగాలి సూటిగా తగిలే చోట జిగురు అతుకు ఒక్కటే ఆధారంగా ఉండకూడదు, స్క్రూ కూడా పడాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది వెనక భాగం. దాన్ని చెక్కతో చేయకండి. 12 మి.మీ. చెక్కలో రంధ్రం తీసి బోర్డు పోర్టులు పెడితే హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ పిన్నుల ప్లాస్టిక్ తల చెక్కకు తగిలి ఆగిపోతుంది, పిన్ను సగమే లోపలికి దిగుతుంది. కార్డు బ్రాకెట్‌ను బిగించడానికి కూడా చెక్కలో వీలుగా ఉండదు. స్లాటుకు స్లాటుకు మధ్య దూరం 20.32 మి.మీ., పోర్టుల పలక పట్టే కిటికీ 158.75 × 44.45 మి.మీ. ఈ రెండింటికీ, బోర్డు రంధ్రాలకూ మధ్య అర మిల్లీమీటరు తేడా వచ్చినా కార్డు స్లాటులో వంకరగా కూర్చుంటుంది. చేత్తో జిగ్‌సా పట్టుకుని ఈ కొలతలు సాధించడం కష్టం.

దీనికి మంచి ఉపాయం పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఒక పాడైన ఏటీఎక్స్ క్యాబినెట్ కొనుక్కోవడం. వెనక 120 మి.మీ. ఫ్యాన్ జాలీ ఉన్నదే ఎంచుకోండి, మరీ పాతవాటికి 80 లేదా 92 ఉంటుంది. రివెట్ల తలల మీద 4 మి.మీ. బిట్టుతో డ్రిల్ చేస్తే అవి ఊడొస్తాయి. మదర్‌బోర్డు పలకను, వెనక రేకులో పోర్టుల కిటికీ, ఫ్యాన్ జాలీ, స్లాట్లు ఉన్న భాగాన్ని ఒకదానికొకటి విడదీయకుండా గ్రైండర్‌తో కోయండి. విడదీస్తే మళ్లీ అదే కొలత సమస్య. ఎస్‌ఎంపీఎస్ కిటికీ ఉన్న ముక్కను వేరుగా కోసి ఉంచుకోండి. కోసిన అంచులు ఆకురాయితో రుద్దాలి, లేకపోతే చేతులూ తెగుతాయి, వైర్లూ తెగుతాయి.

లోపలి కొలతలు ఇలా వస్తాయి. వెడల్పు: పలక 1, స్టాండాఫ్ (బోర్డును పలకకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న ఇత్తడి కాలు) 6.5, బోర్డు మందం 1.6, సాకెట్‌తో ప్రాసెసర్ పైభాగం దాకా 8, కూలర్ 155, మొత్తం 172. కూలర్ ఎత్తును ప్రాసెసర్ పైనుంచి కొలుస్తారు, బోర్డు మీది నుంచి కాదు. ఆ 8 మి.మీ. మరిచిపోతే పక్క పలక మూసుకోదు. దీనికి 6 ఖాళీ, పలక వెనక వైర్లకు 22 కలిపితే 200 మి.మీ. ఎత్తు: కింద ఎస్‌ఎంపీఎస్ గదికి 98 (ఎస్‌ఎంపీఎస్ 86), మధ్య అరకు 12, పైన బోర్డుకు 290, మొత్తం 400. లోతు 340: కార్డు 242, ముందు ఫ్యాన్ 25, మిగిలిన 73 గాలి తిరగడానికి. కింది గదిలో ఎస్‌ఎంపీఎస్ 140, దాని వైర్లు వంగడానికి 60 పోతే 140 మిగులుతుంది. హార్డ్ డిస్క్ వెడల్పు 101.6 మి.మీ. కాబట్టి అడ్డంగా పడుతుంది.

12 మి.మీ. ప్లైతో బయటి కొలత 224 × 424 × 364 అవుతుంది. పై పలక, కింది పలక 364 × 200, ముందు పలక 400 × 200, పక్కలు రెండూ 424 × 364, అర 340 × 200, ఎస్‌ఎంపీఎస్ చుట్టూ వెనక కింది ముక్క 98 × 200. ఇవన్నీ 4 × 2 అడుగుల ముక్కలో సరిపోతాయి: 424 వైపును పొడవుకు పెట్టి పక్కలు రెండూ ఒక వరుస, మిగిలిన 246 మి.మీ. పట్టీలో పై, కింది, ముందు పలకలు, మూలన మిగిలిన చోట అర, వెనక ముక్క. గీత కూడా అన్నిటికీ పొడవునే వస్తుంది.

మీ దగ్గరికొచ్చే ఇనుప ముక్క వెడల్పు 200 కంటే తక్కువే ఉంటుంది. రెండు పక్కలా మిగిలే సందును టేకు బద్దలతో నింపి, ఇనుమును వాటికి స్క్రూలతో పట్టించండి. ఎస్‌ఎంపీఎస్‌ను ప్లైకి కాదు, ఆ వేరుగా కోసిన ఇనుప ముక్కకు బిగించాలి. దాంతో వచ్చే 6-32 (అంగుళాల కొలత రకం) మరలు 6 మి.మీ. పొడవువే, 12 మి.మీ. ప్లైని దాటి లోపలికి అందవు.

చిత్రిక_పట్టు:

లెక్కలన్నీ అన్న చెప్పిండు, చెక్క గురించి నేను చెప్త.

తమ్ముడూ, పెద్ద పలకలకు టేకు వాడకు. టేకు మంచిది కాదని కాదు, దానికంటే మంచి చెక్క మన దిక్కు తలుపులకు లేదు. కానీ ఏ చెక్కయినా వానకాలంలో గాలి తేమ పీల్చి ఉబ్బుతది, ఎండకాలంలో గుంజుకుంటది. పొడవునా కదలదు, అడ్డంగా కదుల్తది. అడ్డ కోత పలకైతే తేమ ఒక్క శాతం మారితే వెడల్పులో నూటికి 0.18 మారుతది. మేకు, ఆగస్టుకు నడుమ చెక్కలో తేమ 5 శాతం మారిందనుకో, 364 మి.మీ. వెడల్పు పక్క పలక 3 మి.మీ. పైనే పెరుగుతది. దాన్ని నాలుగు దిక్కులా జిగురు పెట్టి బిగిస్తే పగులుతది, లేకుంటే డబ్బా మొత్తాన్ని గుంజి వంకర చేస్తది. వంకరైతే అందులో బిగించిన ఇనుప పలక, దాంతో బోర్డు కూడా వంగుతది. తలుపు ఎన్నేండ్లు ఎండినా ఈ గుణం పోదు. తలుపులు చేసేటప్పుడు పలకను చట్రంలో గాడి తీసి వదులుగ కూర్చోబెట్టేది అందుకే.

అందుకని ఒళ్లంతా ప్లై, పైన కనపడే చోట టేకు. ప్లై మీద ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లను తట్టుకునే రకం) ముద్ర సరిపోతది, ఐఎస్ 710 అయితే ఇంకా మంచిది. ఎండీఎఫ్ వద్దు, అంచులో స్క్రూ పట్టదు, నీళ్ల చుక్క పడితే ఉబ్బి మళ్ల తగ్గదు. కొనేటప్పుడు పలకను నిలబెట్టి అంచు దిక్కు నుంచి కన్ను పెట్టి చూడు, వంపు ఉంటే తేలుతది. 12 అని రాసున్నా కొలిస్తే 11.3, 11.5 ఉంటది. కొన్నాక వెర్నియర్‌తో కొలిచి, ఆ కొలతతోనే మిగతా ముక్కలు గీసుకో. ముందే 12 అని కోస్తే పై పలకకు, పక్కకు నడుమ మెట్టు పడ్తది.

నీ తలుపు చెక్కను ముందు జాలీ బద్దలకు, మూలల్లో లోపల పెట్టే 20 × 20 దిమ్మెలకు, అంచుల పట్టీలకు వాడుకో. 12 మి.మీ. బద్ద ఎంత కదిలినా 0.1 మి.మీ., కంటికి ఆనదు. తలుపు సామిల్లుకు తీస్కపోయే ముందు అయస్కాంతం పెట్టి మేకులన్నీ వెతుకు. ఒక్క మేకు దాగున్నా వాళ్ల రంధా బ్లేడు పోతది, మళ్ల నీ చెక్క ముట్టరు. పాత రంగు ఉంటే అందులో సీసం ఉండొచ్చు, ముక్కుకు మాస్కు కట్టుకొని తడిపి గీకు, పిల్లలున్న చోట వద్దు. తెల్లభాగం కనపడితే కోసి పారెయ్యి, చేవ ఒక్కటే ఉంచు. పురుగు పట్టేది తెల్లదానికే.

టేకులో నూనె ఉంటది. అతికించే చోట థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరంగనే ఫెవికాల్ పెట్టాలె. తుడవకుండ పెడితే ఇవాళ పట్టినట్టే ఉండి ఎండకాలంలో ఊడుతది. క్లాంపులు 8 గంటలు ఉంచు, బరువు పెట్టేది ఒక రోజు ఆగినంక.

డబ్బా నాలుగు మూలలు కూర్చినప్పుడు మూలమట్టం ఒక్కటే నమ్ముకోకు, మూల నుంచి మూలకు కొలువు. 340 × 400 లోపలి కొలతకు ఎదురు మూలల దూరం రెండు దిక్కులా 525 మి.మీ. రావాలె. ఒకటి 526, ఇంకొకటి 524 ఉంటే క్లాంపును పొడవున్న దిక్కు పెట్టి కొద్దిగ నొక్కు. జిగురు ఆరకముందే చూసుకోవాలె ఇది. అర కూడా అప్పుడే పెట్టెయ్యి, డబ్బాకు బలం ఇచ్చేది అదే. పక్క పలకలు రెండూ తీసిపెట్టేటట్టు ఉంచాలె గనక వాటి బలం లెక్కలోకి రాదు. పక్కలకు చెక్క స్క్రూలు కొట్టకు, నాలుగు సార్లు విప్పితే రంధ్రం అరిగిపోతది. ఎం4 ఇన్సర్ట్ నట్లు (చెక్కలో దిగే లోహపు నట్లు, 4 మి.మీ. స్క్రూకు) దిమ్మెల్లో దించి మిషన్ స్క్రూలు వాడు.

పాకాల_గట్టు:

చాలా థ్యాంక్స్ అన్నలూ. ఇనుప పలక సంగతి అస్సలు తోచలేదు. ఇంకో మూడు అడగాలె. ముందు భాగానికి చెక్క బద్దలకు బదులు పెంబర్తిలో ఇత్తడి రేకు మీద జాలీ చేయిస్తే ఎట్లుంటది? పవర్ బటన్ ఎట్లాంటిది కొనాలె? మా ఇంట్లో ప్లగ్గుకు మూడో పిన్ను ఉంది గానీ, ఎర్త్ నిజంగా ఉందో లేదో తెల్వదు.

గాలి_లెక్క:

పెంబర్తి ఆలోచన చాలా బాగుంది. రేకు పనిలో వాళ్ల చేతికి తిరుగులేదు, టేకు పక్కన ఇత్తడి అందంగా ఉంటుంది. కానీ నమూనా గీసిచ్చేటప్పుడు ఎంత ఖాళీ ఉందో చూసి ఇవ్వాలి. రెండు 120 ఫ్యాన్ల గుండ్రటి నోళ్లు కలిపితే సుమారు 210 చదరపు సెంటీమీటర్లు. జాలీలో ఖాళీ దానికంటే తక్కువ ఉండకూడదు. ముందు భాగంలో 180 × 280 మి.మీ. కిటికీ తీస్తే అది 504 చ.సెం.మీ. రెండు పక్కలా 10 మి.మీ. చట్రం మిగులుతుంది. అందులో వరుస తప్పించి (ఒక వరుస రంధ్రాలు పక్క వరుస సందుల ఎదురుగా వచ్చేలా) 3 మి.మీ. రంధ్రాలు నడుమ నుంచి నడుమకు 5 మి.మీ. దూరంలో పొడిపిస్తే ఖాళీ మూడో వంతే, 164. చాలదు. 5 మి.మీ. రంధ్రాలు 7 మి.మీ. దూరంలో అయితే 46 శాతం, అంటే 232. సరిపోతుంది. పూలు, ఏనుగులు, కాకతీయ తోరణం వంటివి పెట్టించాలనుకుంటే అవి మూసేసే మేర ఖాళీ తగ్గుతుంది. బొమ్మను ఫ్యాన్ మధ్య మోటారు ఉండే చోట పెట్టించండి, అక్కడ ఎలాగూ గాలి రాదు.

బద్దలే అయితే 12 మి.మీ. బద్ద, 12 మి.మీ. సందు. 180లో సరిగ్గా 8 బద్దలు, 7 సందులు పడతాయి, ఖాళీ 235. బద్దల వెనక నుంచి ఫ్యాన్ దాకా 12 మి.మీ. దూరం ఉంచండి. రెక్కలకు ఆనించి బద్దలు పెడితే సన్నటి ఈల మోత వస్తుంది, గాలి కూడా తగ్గుతుంది. ఆ సందులోనే దుమ్ము జాలీ పడుతుంది. దోమతెర కంటే కాస్త సన్నటి నైలాన్ జాలీ చాలు. మరీ దట్టమైనది పెడితే మొదటి వారంలోనే మూసుకుపోతుంది. జిన్నింగు మిల్లుల దిక్కు ఇల్లు ఉంటే పత్తి నూగు జాలీకి పట్టుకుంటుంది, దాన్ని బయటికి లాగి దులిపే వీలుండాలి.

ఫ్యాన్ స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ. నలుచదరం. కిటికీ వెనక 3 మి.మీ. అల్యూమినియం పట్టీలు రెండు నిలువుగా పెట్టి ఫ్యాన్లను వాటికి బిగిస్తే తర్వాత పైకీ కిందకీ జరుపుకోవచ్చు. ఫ్యాన్ చట్రం మీద బాణం గుర్తు ఉంటుంది, గాలి ఎటు పోతుందో అది చెబుతుంది.

కింద ఎస్‌ఎంపీఎస్‌కు ఫ్యాన్ కిందికి ఉండేలా పెట్టండి, అడుగు పలకలో 125 మి.మీ. రంధ్రం, జాలీ. డబ్బా కాళ్లు కనీసం 20 మి.మీ. ఎత్తు. పరుపు మీదా తివాచీ మీదా పెడితే ఆ ఎత్తు మాయమవుతుంది, గుర్తుంచుకోండి.

మూడో_పిన్ను:

ఎర్తింగ్ గురించి అడగడం మంచిదైంది. చెక్క క్యాబినెట్‌లో ఎక్కువమంది వదిలేసేది ఇదే.

ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజుకూ న్యూట్రల్‌కూ నుంచి దాని ఇనుప డొక్కుకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, రేడియో గోలను ఆపడానికి. ఎర్త్ లేని చోట వాటివల్ల డొక్కు మీద సగం వోల్టేజీ, సుమారు 115 వోల్టులు తేలుతుంది. కరెంటు చాలా తక్కువే కాబట్టి చిమచిమ మాత్రమే అంటుంది. ఇనుప క్యాబినెట్‌లో అది ఒళ్లంతా పరచుకుని ఉంటుంది. చెక్క డబ్బాలో చేతికి తగిలే ఇనుము ముందున్న యూఎస్‌బీ పోర్టు, పవర్ బటనే. పెన్ డ్రైవ్ పెట్టినప్పుడల్లా అక్కడే చిమచిమ. వానకాలంలో తడి కాళ్లతో ఇంకా ఎక్కువ. దానికి డబ్బాలో మందు లేదు, గోడ ప్లగ్గులోనే ఉంది.

మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి ప్లగ్గులో చూడండి. ఫేజు-న్యూట్రల్ 230 దగ్గర, ఫేజు-ఎర్త్ కూడా దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ 2, 3 వోల్టుల లోపు ఉండాలి. ఫేజు-ఎర్త్ తక్కువ చూపితే, లేదా అంకె నిలకడ లేకుండా ఊగితే ఎర్త్ వైరు ఎక్కడో తెగింది లేదా గుంత ఎండింది. మే నెలలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ముందు అది చేసి మళ్లీ కొలవండి. అయినా రాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు తీగ కలిపే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. న్యూట్రల్ తెగిన రోజు డొక్కంతా 230 వోల్టులవుతుంది, అది ప్రాణం మీదికొచ్చే పని.

డబ్బా లోపల: మదర్‌బోర్డు పలకను ఎస్‌ఎంపీఎస్ డొక్కుకు 1.5 చ.మి.మీ. పచ్చ వైరుతో కలపండి, రెండు చివర్లా రింగ్ లగ్గులు. లగ్గు కింద రంగు గీకి తెల్ల ఇనుము కనపడాలి, లేకపోతే కలిసినట్టు ఉంటుంది గానీ కలవదు. మీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి పలక దాకా చూస్తే 1 ఓమ్ లోపు రావాలి (ఇది ప్లగ్గు పీకి, వైరు ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టి చేసే పరీక్ష). ఇత్తడి జాలీ పెడితే దానికీ అదే వైరు నుంచి ఒక కొస ఇవ్వండి.

బోర్డును నేరుగా చెక్కకు బిగించకూడదు. ఇత్తడి స్టాండాఫ్ చెక్కలో పది సార్లు తిప్పితే వదులవుతుంది, బోర్డు కదులుతుంది. పాత పలక మీద స్టాండాఫులు పెట్టేటప్పుడు మీ బోర్డు రంధ్రాలు ఎక్కడున్నాయో అక్కడే ఉంచి మిగతావి తీసేయాలి. ఒక్కటి ఎక్కువున్నా బోర్డు వెనక టంకానికి తగిలి షార్ట్. మరలు కూడా రెండు రకాలు: కొన్ని స్టాండాఫులు ఎం3 (మిల్లీమీటర్ల కొలత రకం), కొన్ని 6-32. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చేత్తో రెండు చుట్లు సులువుగా తిరగకపోతే అది వేరే రకం, బలవంతంగా బిగించొద్దు.

బటన్: 16 మి.మీ. లోహపు పుష్ బటన్, నొక్కి వదిలితే వెనక్కి వచ్చే రకం. నొక్కితే అలాగే ఉండిపోయేది కొంటే కంప్యూటర్ ఆన్ అయి 4 సెకన్లకే ఆగిపోతుంది, బోర్డు దాన్ని ఎక్కువసేపు నొక్కి పట్టుకున్నట్టు లెక్కేస్తుంది. లోపలి లైటు 3 నుంచి 6 వోల్టుల రకం అడగండి. 12 వోల్టులది బోర్డు పిన్ను మీద వెలగదు. బటన్ మెడ మరలు 12 మి.మీ. ప్లైని దాటి నట్టుకు చాలవు. వెనక నుంచి 25 మి.మీ. బిట్టుతో 7 మి.మీ. లోతు తొలిచి ముందు 5 మి.మీ. మిగిల్చి, అందులో 16 రంధ్రం తీయండి.

ఇంకొక్కటి. లోపల గోడలకు అల్యూమినియం ఫాయిల్ టేపు అంటిస్తే రేడియో గోల ఆగుతుందని చెబుతారు. అంటించాలనుకుంటే అన్ని ముక్కలూ ఒకదానికొకటి, ఎర్త్‌కు కలిసేలా అంటించాలి.

గాలి_లెక్క:

ఫాయిల్ విషయంలో నా మాట వేరు. మూడు నెలల వేడికి దాని జిగురు వదిలి కొస బోర్డు మీద పడే ప్రమాదం, అది ఇచ్చే లాభం కంటే పెద్దది. పైగా ముందు కిటికీ, వెనక జాలీ తెరిచే ఉంటాయి. పక్కన రేడియో పెట్టుకుని వినేవాళ్లకు తప్ప ఇంట్లో తేడా తెలియదు. కార్డు, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఎర్త్ సరిగా ఉంటే చాలు. వైఫై యాంటెన్నాకు చెక్క గోడ ఇంకా మేలు, ఇనుములా అడ్డుకోదు.

మూడో_పిన్ను:

జిగురు వదులుతుందన్నది నిజం. తప్పనిసరిగా కావాలనుకునేవాళ్లు ఫాయిల్ కాకుండా పలుచటి అల్యూమినియం రేకును స్క్రూలతో బిగించాలి. ఈ సామానుకు అవసరం లేదనే నేనూ అంటాను.

నిర్మల్_రంగు:

మధ్యలో ఒక మాట. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి చెక్కతో ముందు పలక చేయొచ్చా అని కొందరు అడుగుతుంటారు. వద్దు. తేలిక, చెక్కడానికి చాలా మెత్తన, అందుకే బొమ్మలకు బాగుంటది, కానీ స్క్రూ అసలు పట్టదు, గోరు గీసినా గీత పడ్తది. బటన్ పక్కన అతికించే చిన్న చెక్కడపు బిళ్ల కావాలంటే పొణికి, రంగు వేసి. బరువు మోసే చోట ఎక్కడా వద్దు.

పాకాల_గట్టు:

మీటర్ పెట్టి చూసిన, ఫేజు-ఎర్త్ సరిగ్గనే ఉంది. బద్దలే పెడ్త, ఇత్తడి బిళ్ల ఒకటి నడుమ. ఆఖరిది: పాలిష్ ఏది వేయాలె, అన్నీ బిగించినాక గాలి సరిగ్గ ఆడుతుందా లేదా ఎట్ల తెలుసుకోవాలె?

గాలి_లెక్క:

పక్క పలక తీసేసి ఏదైనా లోడ్ పరీక్ష అరగంట నడిపి ప్రాసెసర్, కార్డు ఉష్ణోగ్రతలు రాసుకోండి. పలక బిగించి మళ్లీ అరగంట. తేడా 5 డిగ్రీల లోపు ఉంటే దారి బాగుంది. 10 దాటితే ముందు జాలీ అడ్డుపడుతోంది, ముందు దుమ్ము జాలీ తీసి చూడండి, తర్వాత బద్దలు. గది ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి, ఉదయం ఒకటి మధ్యాహ్నం ఒకటి చేస్తే లెక్క తప్పుతుంది. 3060 కార్డుకు ఎన్విడియా చెప్పే గరిష్ఠం 93 డిగ్రీలు, మే నెలలో 80 లోపు ఉంటే నిశ్చింత. అగరుబత్తి వెలిగించి ముందు సందుల దగ్గర, అంచుల దగ్గర తిప్పితే పొగ ఎటు లాగుతోందో కనపడుతుంది. వెనక ఫ్యాన్ బయటికి పంపిన గాలి పక్కనున్న చెక్క సందులోంచి మళ్లీ లోపలికి దూరుతుంటే అక్కడ పట్టీ వేయండి. డబ్బా వెనకకూ గోడకూ మధ్య జానెడు ఖాళీ.

డ్రిల్లింగ్, గ్రైండింగ్ అంతా బోర్డు పెట్టకముందే అయిపోవాలి. ఇనుప రజను ఒక్క పోగు స్లాటులో ఇరుక్కున్నా షార్ట్ అవుతుంది. డబ్బాను తిరగేసి బ్రష్షుతో, తర్వాత అయస్కాంతంతో శుభ్రం చేసి అప్పుడు సామాను పెట్టండి.

చిత్రిక_పట్టు:

పాలిష్‌కు ముందు ఉప్పుకాగితం 120, తర్వాత 180, ఆఖరికి 240, గీత వెంబడే. అడ్డం రుద్దితే పాలిష్ పడ్డంక గీతలు బయటపడ్తయి. టేకు పొడి ముక్కుకు, ఒంటికి పడదు, మాస్కు ఉండాలె. ప్లై పలకలకు లోపలి దిక్కు కూడా ఒక కోటింగ్ వెయ్యి. ఒక్క దిక్కే వేస్తే వెయ్యని దిక్కు తేమ పీల్చి పలక విల్లులాగ వంగుతది.

ఇంట్లో, స్ప్రే మిషన్ లేకుండ అంటే గుడ్డతో రుద్దే పాలియూరిథేన్ పాలిష్ మంచిది, పలుచగ మూడు కోటింగులు, ఒక్కోటి ఆరినంక 320తో తేలికగ రుద్ది. మెలమైన్ గట్టిగనే ఉంటది గానీ వాసన చాలా రోజులు పోదు, మూసిన గదిలో కండ్లు మండుతయి. ఏది వేసినా సామాను పెట్టే ముందు వారం రోజులు గాలికి ఆరనియ్యి. పచ్చి పాలిష్ మీద ఫ్యాన్ గాలి తోలితే దుమ్మంతా అతుక్కుంటది, లోపల వేడికి వాసన ఇంకా లేస్తది.

అవిసె నూనె రుద్దుతా అంటే రుద్దు, టేకు రంగు మస్తు తేల్తది. కానీ తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలకు వెయ్యకు. ఆ నూనె ఆరేటప్పుడు తనంతట తానే వేడి పుట్టిస్తది, ముద్దగ ఉన్న గుడ్డ లోపల ఆ వేడి బయటికి పోక అంటుకుంటది, ఎండకాలంలో ఇంకా తొందరగ. ఒక్కో గుడ్డ విడదీసి బయట తీగ మీద ఆరేసి, పూర్తిగ గట్టిపడినంకనే పారెయ్యి, లేకుంటే నీళ్ల బకెట్‌లో ముంచి ఉంచు.

బద్దలను చట్రానికి అతికించేముందే విడివిడిగ పాలిష్ పెట్టుకో. అతికించినంక 12 మి.మీ. సందులోకి చెయ్యి పోదు. అతికే చోట మాత్రం టేపు వేసి పాలిష్ తగలనియ్యకు, పాలిష్ మీద ఫెవికాల్ పట్టదు.